పొగడబడినవారి జాబితా

ఇంగ్లండులోని స్టీవెనేజ్ తెలుగు సంఘం వారు ఉగాది ఆహ్వానపత్రం అచ్చు వేయించినప్పుడు, లీడ్స్‌లో పుట్టి పెరిగిన రోహన్ అనే ఇంజినీరు ముఖ్య అతిథి పేరుకు ముందు 'కీర్తిశేషులు' అని చేర్చాడు. నిఘంటువులో కీర్తి చూశాడు, శేషం చూశాడు. కీర్తి ఇంకా మిగిలే ఉన్నవాడు అని తాత్పర్యం తీసి, ఇంతకన్నా గొప్ప బిరుదు ఉండదనుకున్నాడు. ఆ ముఖ్య అతిథి రామమోహనరావు. డెబ్బై మూడేళ్ళ ఆ పెద్దమనిషి కార్డును కళ్ళద్దాలకు దగ్గరగా పట్టుకుని రెండుసార్లు చదివి, "తొందరపడ్డావయ్యా. నాకింకా కొంచెం పని మిగిలి ఉంది" అన్నాడు. సంగతి విడమరచి చెప్పాక రోహన్ ముఖంలో రంగులు మారిన తీరును ఆయన ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళినా వర్ణించేవాడు. మాటకు అర్థం ఒకటి, వాడుక ఒకటి. అర్థం పుస్తకంలో దొరుకుతుంది, వాడుక మనుషుల దగ్గర దొరుకుతుంది అని ముగించేవాడు. ఆ ముగింపు వాక్యం సెప్టెంబరులో తన మీదికే తిరిగి వస్తుందని అప్పటికి ఆయనకు తెలియదు.

రామమోహనరావుది తెనాలి. లీడ్స్‌లో ఒక బడిలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఫిజిక్స్ చెప్పాడు. సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడల్లా నోట్లోంచి లింగాలు తీసే స్వాముల ముందు వరుసలో కూర్చుని, వాళ్ళ దవడల కదలికలు పుస్తకంలో రాసుకునేవాడు. భార్య విజయ పోయాక లీడ్స్ ఇల్లు అమ్మేసి స్టీవెనేజ్ వచ్చాడు. చెల్లెలి కూతురు సుగుణ ఉంటున్న ఫ్లాట్‌కు సరిగ్గా పై అంతస్తులో మరో ఫ్లాట్ తీసుకున్నాడు. సుగుణ భర్త నుంచి విడిపోయి చాలాకాలమైంది. ఆమె కూతురు, ఎనిమిదేళ్ళ సిరిని బడి నుంచి తీసుకురావడం, లెక్కలు చెప్పడం, ఆదివారం తెలుగు బడికి కాగితాలు తయారు చెయ్యడం ఆయన పనులు. మిగిలిన వేళల్లో డచ్ భాష నేర్చుకునేవాడు. దానికి గొప్ప కారణమేమీ లేదు. మంగళవారం పొద్దున లైబ్రరీలో జరిగే తరగతుల్లో ఆ ఒక్కదానికే చోటుంది, పైగా ఆ గదిలో హీటింగ్ బాగుంటుంది.

సెప్టెంబరు మొదటి శనివారం మధ్యాహ్నం ఆయన కిందికి దిగేసరికి, సుగుణ వంటింట్లో టేబుల్ మీద అయిదు నిమ్మకాయలున్నాయి. వాటి వెనక మల్లికార్జున కూర్చుని ఉన్నాడు. అతను సుగుణతో ఒకే టీములో పనిచేస్తాడు. ప్రొద్దుటూరు వాడు, ఇద్దరు పిల్లల తండ్రి.

"ఏమయ్యా, పులిహోరకా?" అన్నాడు రామమోహనరావు.

"కాదంకుల్. అక్క మానిటర్ కింద పెట్టేకి. నాది పెట్టి మూడు నెలలాయ. క్లీనింగామె రెండుసార్లు పారేసింది. మళ్ళా పెడ్తాండా."

"మానిటర్‌కు కడుపులో వికారమా?"

సుగుణ నవ్వాపుకుంటూ టీ పోసింది. మల్లికార్జున నవ్వలేదు. "మీరు నవ్వుతారని తెలుసంకుల్. బాబీకి పడె ఆ మాట. నెలకు ఉద్యోగం పోయె. అఖిల్‌కు పడె. పోయె. అనూషకు జులైలో పడె, ఆగస్టు దాటలా. ఇప్పుడు లీడ్స్‌లో ఫ్రెండింట్లో ఉండాది, వీసా రోజులు లెక్కపెట్టుకుంటా. ఇంగ ఎవరికి పడ్తాదో."

ఏ మాట అని అడిగితే సుగుణ చెప్పింది. వాళ్ళ కంపెనీ గడ్డకట్టించిన ఆహారం దాచే పెద్ద గోదాములకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. దాన్ని గత శీతాకాలంలో నెదర్లాండ్స్ కంపెనీ ఒకటి కొనుక్కుంది. అప్పటినుంచి ప్రతి రెండో శుక్రవారం మూడింటికి హెడ్ ఆఫీసు నుంచి అందరికీ ఒక ఉత్తరం వస్తుంది. పైసగం ఇంగ్లీషు, శుభాకాంక్షలు, కొత్త కస్టమర్ల పేర్లు. కిందిసగం డచ్‌లో ఒక పట్టిక: కొందరి పేర్లు, చివరి గడిలో అప్పుడప్పుడు ఒకే ఒక్క మాట. గెప్రెజెన్.

"ఖెప్రేజెన్," అని సరిదిద్దాడు రామమోహనరావు, ఖకారాన్ని గొంతులోంచి గరగరమని తీస్తూ. "పొగడబడిన. అంతే. ఇందులో భయపడవలసిందేముంది?"

"అదే గదా భయం," అన్నాడు మల్లికార్జున. "అంతమంది కండ్ల ముందర, పేరు రాసి మరీ, పొగిడినారు. దిష్టి గాక ఇంగేమి? మా అమ్మ ఐతే నన్నెవురన్నా బాగున్నాడంటే ఆ పూటే మిరపకాయలు దిగదీసేది."

"ఏడు వందల మంది చదివే ఉత్తరంలో దిష్టి ఎవరిదయ్యా? ఆ కళ్ళు ఏ దేశానివి? సముద్రం దాటి వచ్చే దిష్టికి వీసా అక్కర్లేదా?"

"దానికొక్కదానికే అక్కర్లేదంకుల్. మనకే."

ఈసారి ముగ్గురూ నవ్వారు. కాని సుగుణ నవ్వు ముందుగా ఆగిపోయింది. భర్త వీసా మీద వచ్చి, తర్వాత తీసుకున్న సొంత స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఆమెకు వచ్చే ఏప్రిల్‌కు అయిదేళ్ళు నిండుతాయి. అప్పటిదాకా ఈ ఉద్యోగం నిలిస్తే ఆమెకూ సిరికీ ఈ దేశంలో ఉండిపోయే హక్కు వస్తుంది. ఏడు నెలలు. ఈలోగా పోతే అరవై రోజుల్లో మరో కంపెనీ దొరకాలి. దొరకకపోతే, పుట్టినప్పటి నుంచి పండుగలకు తప్ప చూడని ఊరికి సిరి సామాను సర్దుకోవాలి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఫ్రిజ్ మీద అంటించిన కేలండర్‌లో ఏప్రిల్ పద్నాలుగు చుట్టూ పెన్సిలుతో గీసిన సున్నా ఉంటుంది, అంతే.

మల్లికార్జున చెప్పిన రెండో విషయం విని రామమోహనరావు కప్పు కింద పెట్టేశాడు. కంపెనీ చేతులు మారాక ప్రతి ఇంజినీరూ తనకు తెలిసినదంతా ఒక ఫైలులో రాసిపెట్టాలన్నారట. తను లేని రోజున మరొకరు చదివి పని నడిపించేటట్టు. మల్లికార్జున తన ఫైలులో అన్నీ రాసి తొమ్మిదో సెక్షన్ ఖాళీగా వదిలేశాడు. కావాలనే.

"చంటిపిల్లోని బుగ్గకు కాటుక పెడ్తాం చూడు. అట్ల. పని మరీ నున్నగా ఉంటే కన్ను పడ్తాది. ఒక చుక్క ఉండాల. అక్కతోటి గూడా వదిలిపెట్టించినా, పద్నాలుగోది. టీములో ఇంకా ఆరుగురు వదిలినారు. వాళ్ళల్లో ఒక్కనికి గూడా ఆ మాట పడలా."

"సాఫ్ట్‌వేర్ ఫైలుకు దిష్టిచుక్క," అన్నాడు రామమోహనరావు నెమ్మదిగా. "సుగుణా, నువ్వు కూడానా?"

"హెడ్ ఆఫీసు నుంచి రెండుసార్లు గుర్తుచేశారు మావయ్యా, పద్నాలుగు ఎప్పుడని. రోజూ తెరుస్తాను, మూస్తాను. నాకే చికాగ్గా ఉంది. అది నాకొక్కదానికే తెలిసిన పని." తలుపు దగ్గరి సెన్సరు మీద మంచు పేరుకుంటే, తలుపు తెరిచి ఉన్నా మూసి ఉందని కంప్యూటరుకు అబద్ధం చెబుతుంది. అప్పుడు గోదామును చేత్తో తిరిగి నడిపించే పద్ధతి పదకొండు మెట్లు. మూడు శీతాకాలాలు ఫోన్ల మీద నిలబడి ఆమె కనిపెట్టిన పద్ధతి అది.

"అప్పగింతల ఫైలు అక్కా అది," అన్నాడు మల్లికార్జున లేస్తూ, చెప్పులు వేసుకుంటూ. "అప్పగింతలైనాక పెండ్లికూతురు ఆ ఇంట్లో ఉంటాదా?"

అది విని రామమోహనరావు హాయిగా నవ్వాడు. మంచి మాట అనుకున్నాడు. అసలు సంగతంతా ఆ మాటలోనే ఉన్నా, దాన్ని మాటగానే మెచ్చుకుని వదిలేశాడు.

మంగళవారం తరగతిలో ఆయన ఆ పదాన్ని బయటికి తీశాడు. పాఠం చెప్పేది హెన్నీ అనే ఆమె. హార్లెమ్‌లో పుట్టి, యాభై ఏళ్ళుగా లెచ్‌వర్త్‌లో ఉంటున్న మనిషి. పొగడడం అనే క్రియకు ముందు ఖె చేరి, మధ్య అచ్చు మారి, ఖెప్రేజెన్ అవుతుందని ఆమె బోర్డు మీద రాసింది. రామమోహనరావుకు ఆ రూపం ముచ్చట వేసింది. తెలుగులో పొగడబడిన అని వ్యాకరణం ఉంది గాని, నోరున్న మనిషెవడూ అలా అనడు. ఫలానావాళ్ళు పొగిడారు అంటాడు. తెలుగులో ఆ ప్రయోగం బతికి ఉన్న చోటు ఒక్కటే, చర్చిలో స్తుతింపబడునుగాక అనేటప్పుడు. డచ్‌లోనూ ప్రార్థనల్లో ఇదే మాట ఉందని హెన్నీ చెప్పింది. ఆయన సంతోషంగా రాసుకున్నాడు.

"మామూలుగా మీరెప్పుడు వాడతారు దీన్ని?" అని అడిగాడు.

హెన్నీ కాస్త ఆలోచించింది. "నేను వాడను. చదువుతాను. పుస్తకాల అట్టల మీద, పేపర్లో. ఎవరైనా ఉద్యోగం వదిలి వెళ్ళేటప్పుడు పైవాళ్ళు చదివే కాగితంలో. ఎదురుగా ఉన్న మనిషితో బాగా చేశావు అంటాం. ఈ మాట ఆ మనిషి గదిలో లేనప్పుడు అంటాం."

ఆయన పుస్తకంలో 'గ్రాంథికం' అని రాసి కింద గీత గీశాడు.

తర్వాత లెక్క తేల్చడానికి కూర్చున్నాడు. ఉత్తరాలు ఆఫీసు దాటి బయటికి రాకూడదు. అందుకని సుగుణ భోజనం వేళలో కూర్చుని, ఇన్ని నెలల్లో ఆ మాట పడిన స్టీవెనేజ్ ఆఫీసు పేర్లు ఒక కాగితం మీద రాసుకొచ్చింది. నాలుగు పేర్లు. బాబీ, అఖిల్, అనూష, డెరెక్. డెరెక్ వాళ్ళ విభాగానికి పెద్ద. అతనికి అందరికన్నా ముందు, ఏప్రిల్‌లో పడింది. సెప్టెంబరులోనూ రోజూ వస్తున్నాడు, షిఫ్టులు వేస్తున్నాడు, కాంటీన్‌లో భోంచేస్తున్నాడు.

"చూశావా," అన్నాడు రామమోహనరావు. "కాకులన్నీ నలుపే అన్నవాడికి ఒక్క తెల్లకాకి చాలు. పొగిడినందువల్ల మనిషి పోతాడన్నది నిజమైతే డెరెక్ మేలో పోవాలి. పోలేదు. మల్లి చెప్పిన సిద్ధాంతం అక్కడితో సరి."

"మరి మిగతా ముగ్గురూ?"

"కంపెనీ కొత్తగా చేతులు మారింది. మనుషులు పోతూనే ఉంటారు. మీ మల్లి పోయినవాళ్ళను లెక్కపెట్టి, ఉన్నవాణ్ణి వదిలేశాడు. నమ్మకాలన్నీ ఇలాగే పుడతాయమ్మా. నన్నడిగితే నీకు ప్రమాదం ఆ ఖాళీలో ఉంది. ఏడు నెలలు నిలబడాలి నువ్వు. సగం ఫైలు ఇచ్చినదాన్ని ఉంచుతారా, నిండుగా ఇచ్చినదాన్ని ఉంచుతారా? పై వాళ్ళు రెండుసార్లు అడిగారంటే మూడోసారి అడగరు."

సిరి లెక్కల పుస్తకం మీద నుంచి తలెత్తి, "మమ్, జస్ట్ డూ ఇట్. యూ ఆల్వేస్ టెల్ మీ నాట్ టు లీవ్ బ్లాంక్స్," అంది.

"విన్నావుగా," అన్నాడు ఆయన, మనవరాలి తల నిమురుతూ.

ఆమె ఆ వారాంతం పద్నాలుగో సెక్షన్ రాసింది. పదకొండు మెట్లు, ప్రతి మెట్టుకూ బొమ్మ, ప్రతి బొమ్మ కింద ఏ పొరపాటు జరగవచ్చో, జరిగితే ఏం చెయ్యాలో. రామమోహనరావు చదివాడు. గోదాములంటే ఏమిటో తెలియని తనకే మొత్తం బోధపడింది. జీవితంలో ఇంత స్పష్టమైన పాఠం తాను ఒక్కటీ చెప్పలేదేమో అనిపించింది. అదే మాట ఆమెతో అన్నాడు. ఆమె ముఖం చాలా రోజుల తర్వాత తేలికపడింది.

పన్నెండు రోజుల తర్వాత, శుక్రవారం మూడు గంటల పది నిమిషాలకు, బడి గేటు దగ్గర నిలబడి ఉండగా ఆయన ఫోను మోగింది. సుగుణ గొంతు మామూలుగానే ఉంది. "పడింది మావయ్యా," అంది. అంతే అంది. ఏమి పడింది అని ఆయన అడగలేదు. గేటు తెరుచుకుంది, పిల్లలందరూ ఒకేసారి బయటికి వచ్చారు. సిరిని వెతకడానికి ఆయనకు ఎప్పటికన్నా ఎక్కువసేపు పట్టింది.

ఆ సాయంత్రం తనే టేక్‌అవే తెప్పించాడు. పొగడ్తను పండుగలా చేసుకోవాలన్నది ఆయన పట్టుదల. సుగుణ తిన్నది. మల్లికార్జున ఫోను చేస్తే స్పీకరులో పెట్టింది. అతను, "చుక్క తుడిపేసినావా అక్కా," అన్నాడు.

మర్నాడు పొద్దున రామమోహనరావు ఎప్పటిలా ఫెయిర్‌లాండ్స్ చెరువు చుట్టూ నడవడానికి వెళ్ళాడు. గాలి చల్లబడింది. నీళ్ళ మీద బాతులు గట్టుకు దూరంగా ఒకచోట గుమిగూడి ఉన్నాయి. ఎదురుగా ఒక గోధుమరంగు కుక్క, దాని వెనక డెరెక్. కంపెనీ వేసవి పిక్నిక్‌లో ఒకసారి పరిచయమైన మనిషి. ఇద్దరూ వాతావరణం గురించి అనవలసినవి అన్నారు. తన తెల్లకాకిని కళ్ళారా చూసిన ధీమాతో రామమోహనరావే ఎత్తుకున్నాడు: మా మేనకోడలికి నిన్న ఆ మాట పడింది, మీకు ఏప్రిల్‌లో పడినట్టే.

డెరెక్ కుక్క తాడును చేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు.

"నాకు పడిందంటే, నేను మార్చిలోనే రిటైర్మెంటు కాగితం ఇచ్చాను గనక. ఆరు నెలల నోటీసు నాది. వచ్చే శుక్రవారం ఆఖరు రోజు. ఆమె చెప్పలేదా? అవును, వాళ్ళకింకా చెప్పలేదు."

"కాగితం ఇచ్చినందుకు పొగిడారా?"

"మనిషిని కాదు మిస్టర్ రావ్, ఫైలును. ఆ పట్టికకు శీర్షిక ఉంటుంది, చూశారా? అప్పగింత ఫైళ్ళు అని. ఒక ఫైలు పూర్తయితే అక్కడ ఎవరో దాన్ని చదివి, అది చూసి ఆ పని తాను చేసి చూస్తాడు. చెయ్యగలిగితే ఆ మాట వేస్తాడు. ఇక ఆ ఫైలు రాసినవాళ్ళు ఉన్నా లేకపోయినా పని నడుస్తుందని. వాళ్ళ దగ్గర అది పాత ఆనవాయితీ. వెళ్ళేవాళ్ళ కాగితాల మీద వేసేవారు. ఇప్పుడు ముందు మాట వేసి, తర్వాత..." అతను చెరువువైపు చూశాడు. "ఆమె చాలా మంచి ఇంజినీరు. ఆ పద్నాలుగో సెక్షన్ వచ్చినప్పుడు నేను చదివాను. పంపకుండా ఆపుదామనుకున్నాను. కాని అప్పటికే ఆమె నేరుగా హెడ్ ఆఫీసుకు పంపేసింది."

రామమోహనరావు ఇంటికి నడిచాడు. ఆ పట్టికను తాను చూడలేదు. డచ్ వచ్చిన తాను, శీర్షిక ఏమిటని అడగకుండా, భోజనం వేళలో రాసుకొచ్చిన నాలుగు పేర్ల కాగితాన్ని చూసి తీర్పు చెప్పాడు. స్వాములను పరీక్షించేటప్పుడు ఒకరు చెప్పింది నమ్మక తానే కూర్చుని చూసినవాడు. పొగడబడిన అన్న అర్థాన్ని పట్టుకుని, ఆ కంపెనీ వాళ్ళు దాన్ని ఎవరి మీద ఎప్పుడు వేస్తారో అడగలేదు. హెన్నీ చెప్పింది. మల్లికార్జున చెప్పులు వేసుకుంటూ నవ్వుతూ చెప్పాడు. కీర్తిశేషులు అని అచ్చు వేయించిన రోహన్ ముఖం గుర్తొచ్చింది. ఆ కుర్రాడి పొరపాటు వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

చుక్క పెట్టుకున్నవాళ్ళకు మాట పడలేదని మల్లికార్జున చూశాడు. అది నిజం. కారణంగా దిష్టిని చెప్పాడు. అది అబద్ధం. రామమోహనరావు ఆ అబద్ధాన్ని కొట్టేస్తూ, దానితోపాటు నిజాన్ని కూడా కొట్టేశాడు.

సుగుణకు అంతా చెప్పాడు, ఒక్క మాటా దాచకుండా. ఆమె గిన్నెలు కడుగుతూ విని, కుళాయి కట్టేసి, "సోమవారం పదకొండింటికి మీటింగ్ పెట్టారు. ఏ విషయమో రాయలేదు" అంది. తర్వాత మళ్ళీ కుళాయి తిప్పింది.

సోమవారం సాయంత్రం ఆమె వచ్చేసరికి మల్లికార్జున అప్పటికే వంటింట్లో ఉన్నాడు. జేబులో నిమ్మకాయ ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. కోటైనా విప్పకుండా సుగుణ కుర్చీలో కూర్చుంది. సిరి టేబుల్ చివర తెలుగు బడి కాగితం ముందేసుకుని ఉంది. ఆయనే తయారుచేసిన కాగితం.

"ఏమన్నారక్కా?"

"నెలాఖరుకు అయిపోతుందన్నారు. చాలా గౌరవంగా చెప్పారు. ఫైలు ఎంత బాగుందో చెప్పారు."

రామమోహనరావు కుర్చీ వెన్ను పట్టుకుని నిలబడ్డాడు. "మల్లీ, నువ్వు చూసింది సరిగ్గానే చూశావయ్యా. పొరపాటు నాది. దిష్టి కాదు గాని..."

"ఏదైతే ఏముందంకుల్," అన్నాడతను. కోపం లేదు ఆ గొంతులో. "పొయ్యేది పోయె."

"ఇంకోటి కూడా అన్నారు," అంది సుగుణ. ఆమె ఎవరివైపూ చూడడం లేదు. ఫ్రిజ్ మీది కేలండరు వైపు చూస్తోంది. "టీములో ఫైళ్ళు కొన్ని ఆగిపోయాయట. ఒక్కో సెక్షన్ ఖాళీ. నేను రాసినట్టు ఎవరూ రాయలేరట. వాళ్ళ దగ్గర కూర్చుని, అడిగి, ఆ ఖాళీలు నింపిపెడితే ఒక్కో ఫైలుకు ఒక నెల పొడిగిస్తామన్నారు."

"ఎన్ని ఫైళ్ళు?" అన్నాడు రామమోహనరావు. అడిగేటప్పటికే ఆయనకు తెలుసు. ఆరుగురు వదిలారని మల్లికార్జున చెప్పాడు, అతనితో ఏడు.

"ఏడు."

సెప్టెంబరు ఆఖరు నుంచి ఏడు నెలలు. గదిలో ఉన్న పెద్దవాళ్ళు ముగ్గురూ మనసులో ఒకే కూడిక చేశారు. పెన్సిలు సున్నా దాటి ఇంకా పదహారు రోజులు మిగులుతాయి.

"ముందర ఎవరిది?" అని అడిగాడు మల్లికార్జున.

"నీది. తొమ్మిది."

అతను నవ్వబోయాడు. "మా పెద్దోని పండ్లకు మొన్ననే బ్రేసెస్ ఏసినారక్కా. డెంటిస్టు దగ్గర పేరు దొరికేకే ఆరు నెలలు పట్టె." దానికీ దీనికీ సంబంధం లేదు. అతనికి నోటికొచ్చింది అదే.

"నేను చెయ్యను మల్లీ. రేపు తొమ్మిదింటికి చెప్పమన్నారు. చెయ్యనని చెప్తాను."

"తెలుసక్కా."

"ఒకవేళ సరే అన్నా, ఊరికే కూర్చుంటాను. నీ పేజీ ఎలా ఉందో అలాగే ఉంటుంది."

'ఒకవేళ' అన్న మాట టేబుల్ మీద నిమ్మకాయలా నిలిచిపోయింది. రామమోహనరావు వైపు ఆమె తిరిగింది. "నువ్వేమంటావు మావయ్యా?"

డెబ్బై మూడేళ్ళలో ఆయనకు జవాబు వెంటనే దొరకని ప్రశ్నలు తక్కువ. దొరికిన జవాబును ఆయన ఇప్పుడు నమ్మలేకపోతున్నాడు. వద్దని చెబితే సిరిని పంపెయ్యాలి. చెయ్యమంటే ఎదురుగా కూర్చున్న మనిషిని, అతని తర్వాత మరో ఆరుగురిని. కిందటిసారి ఎంత తేలికగా చెప్పాడు.

"ఈసారి నన్నడగకమ్మా," అన్నాడు.

సిరి పెన్సిలు కొరుకుతోంది. కాగితం పైన ఆయన గుండ్రటి అక్షరాలతో 'ఖాళీలు పూరించుము' అని రాసి ఉంది. తొమ్మిది వాక్యాలు పూర్తయ్యాయి, ఒకటి మిగిలింది. "ఐ డోంట్ నో దిస్ వన్," అని ఆ పిల్ల కాగితాన్ని తల్లి వైపు తోసింది.

సుగుణ ఇంకా మల్లికార్జునతోనే మాట్లాడుతోంది. హెచ్‌ఆర్ వాళ్ళ పేర్లేవో చెబుతోంది. ఆమె కళ్ళు అతని మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం టేబుల్ మీదుగా వెళ్ళి సిరి చేతిలోంచి పెన్సిలు తీసుకుని, కాగితాన్ని తిప్పుకుని, పదో వాక్యంలోని ఖాళీలో సరైన మాటను పొందికగా, ఒత్తులతో సహా రాసి, చివర చుక్క పెట్టి, పెన్సిలును దాని పక్కన తిన్నగా సర్ది పెట్టింది.

ఆమెకు తెలియలేదు. రామమోహనరావు చూశాడు. తలెత్తితే మల్లికార్జున కూడా అటే చూస్తున్నాడు.

కాసేపటికి అతను లేచాడు. పొద్దుపోతోందన్నాడు. జేబులోంచి నిమ్మకాయ తీసి టేబుల్ మీద పెట్టబోయి, చేతిలోనే ఉంచుకుని, ఆమెకు ఇవ్వకుండానే తీసుకుని వెళ్ళిపోయాడు.